నచ్చిన రంగస్థల నటికి ఎంత దూరంలో ఉండాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక నటిని స్టేజీ మీద చూసి అభిమాని అయ్యారు, అదే నాటకం మళ్లీ మళ్లీ చూశారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆవిడ పేరుతో ఒక ఫ్యాన్ పేజీ కూడా నడుపుతున్నారు. మొదట్లో మీ మెసేజ్‌లకు ఆవిడ జవాబిచ్చేవారు, మీరు ట్యాగ్ చేసిన స్టోరీలను తన పేజీలో పెట్టుకునేవారు. కొన్ని వారాలుగా అదేమీ లేదు. ఈమధ్య "దయచేసి నా వ్యక్తిగత విషయాలు అడుగుతూ మెసేజ్‌లు పెట్టకండి" అని అందరికీ కలిపి ఒక స్టోరీ పెట్టారు. అది మీ గురించేనేమో అని టెన్షన్ పడుతున్నారు. క్షమాపణ చెప్పాలా అని అడిగారు. ఆవిడ బదులు వేరే నటి వేసిన రోజు మీ అభిమానుల గ్రూపులో ఒకరు హాల్లో తీసిన వీడియో ఉందట, దాన్ని పేజీలో పెట్టవచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. క్షమాపణ మెసేజ్ పంపకండి. ఆ స్టోరీ ఎవరి గురించో ఆరా తీయకండి. వీడియో పెట్టకండి, గ్రూపులో కూడా ఎవరికీ పంపకండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి సమస్య కాదు. నేను చాలా ఏళ్లుగా నాటక బృందాల్లో తెర వెనుక పనిచేస్తున్నాను, ఈమధ్య వాళ్ల సోషల్ మీడియా అకౌంట్లు కూడా చూసుకుంటున్నాను. మంచి మనసున్న అభిమానులే తెలియక నటుల్ని ఎంత ఇబ్బంది పెడతారో దగ్గరగా చూస్తుంటాను కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

అన్నిటికంటే ముందు మీరు గుర్తించాల్సింది, సినిమా నటికీ రంగస్థల నటికీ సోషల్ మీడియాలో చాలా తేడా ఉంటుంది. పెద్ద సినిమా తారకి మీరు మెసేజ్ పెడితే అది లక్షల్లో ఒకటి, చాలాసార్లు దాన్ని చూసేది కూడా ఆ అకౌంట్ నడిపే ఉద్యోగే. నాటకాల్లో వేసే నటికి ఫాలోవర్లు కొన్ని వేలు ఉంటే ఎక్కువ. మెసేజ్‌లు ఆవిడే చూస్తారు, రాత్రి మేకప్ తుడుచుకుని ఇంటికి వెళ్తూ ఫోన్ తీస్తే మీ పేరు కనిపిస్తుంది. కామెంట్లు నలభై ఉంటే నలభై చదువుతారు. మీరు అభిమానంతో రాసిన మాట అంత సూటిగా చేరుతుంది, అదే మంచి విషయం. కానీ మీరు విసుగుతో రాసింది కూడా అంతే సూటిగా చేరుతుంది, మధ్యలో ఆపేవాళ్లు లేరు.

ఇంకోటి కూడా ఉంది. ఆవిడ ఈ రాత్రి ఎన్ని గంటలకు ఏ హాల్లో ఉంటారో, ఏ తలుపులోంచి బయటికి వస్తారో లోకమంతటికీ తెలుసు. టికెట్ల పేజీలోనే రాసి ఉంటుంది. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే, లండన్‌లోని వెస్ట్ ఎండ్ పెద్ద థియేటర్లలో అయితే మామూలుగా వారానికి 8 ప్రదర్శనలు, నెలల తరబడి అదే చోట. ఎవరైనా ఆన్‌లైన్‌లో భయపెట్టేలా మాట్లాడితే సినిమా నటి కొన్నాళ్లు బయట కనబడకుండా ఉండగలరు. స్టేజీ నటి మర్నాడు సాయంత్రం మళ్లీ అదే తలుపులోంచి వెళ్లాలి, ఆ మనిషి మూడో వరుసలో కూర్చున్నాడేమో అనుకుంటూనే డైలాగ్ చెప్పాలి. మీరు అలాంటివారు కాదని నాకు నమ్మకమే. కానీ రోజూ మెసేజ్ పెట్టే ఒక అపరిచిత వ్యక్తి మంచివాడో కాదో ఆవిడకు తెలిసే దారి లేదు కదా. ఆవిడ జాగ్రత్తగా ఉంటే దాన్ని మీకు జరిగిన అవమానంగా తీసుకోకండి.

పైగా ఆవిడ గట్టిగా "వద్దు" అనలేని స్థితిలో ఉంటారు. నాటకం నడిచేది నోటిమాట మీద. ఒక అభిమాని నొచ్చుకుని "ఆవిడకి పొగరు" అని రాస్తే నాలుగు టికెట్లు తగ్గుతాయేమోనన్న భయం బృందంలో అందరికీ ఉంటుంది. కొన్ని చోట్ల పాత్రలకు ఎంపిక చేసేటప్పుడు ఫాలోవర్ల సంఖ్య కూడా చూస్తారు, కాబట్టి అకౌంట్ మూసేసి హాయిగా ఉండటం కుదరదు. అందుకే చాలామంది నటులు ఇబ్బందిగా ఉన్నా ఒక హార్ట్ పెట్టి ఊరుకుంటారు. ఆ హార్ట్ చూసి "ఆవిడకి ఇష్టమే" అని అభిమాని ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. నా అభిప్రాయం ఇదే, ఎక్కడ ఆగాలో ఆవిడ చెప్పాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు, ఆగే బాధ్యత మనదే. మిగతా మర్యాదలన్నీ దీని నుంచి వచ్చేవే.

ఇక మీ మనసులో ఉన్న బాధ గురించి. ఇది కొత్తదేమీ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. 1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు రేడియో వినేవాళ్ల గురించి, టీవీ చూసేవాళ్ల గురించి రాస్తూ, తెర మీది మనిషితో ప్రేక్షకుడికి ఒకవైపు నుంచే ఏర్పడే దగ్గరితనాన్ని వివరించారు. మీకు ఆవిడ నవ్వు, గొంతు, నడక, పెంపుడు పిల్లి పేరు అన్నీ తెలుసు. ఆవిడకు మీ గురించి తెలిసింది ఒక ప్రొఫైల్ ఫోటో, నాలుగు మెసేజ్‌లు. అప్పట్లో టీవీ తిరిగి మాట్లాడేది కాదు. ఇప్పుడు అప్పుడప్పుడూ జవాబు వస్తుంది, అక్కడే చిక్కంతా. ఒక జవాబు రాగానే ఇది రెండు వైపులా ఉన్న స్నేహం అనిపిస్తుంది. ఆవిడ వైపు నుంచి చూస్తే అది ప్రదర్శన అయ్యాక చప్పట్లకు చేసే నమస్కారం లాంటిది, నిండు మనసుతో చేసినదే, కానీ హాల్లో ఉన్న అందరికీ కలిపి చేసినది. అది ఆగిపోతే మీరేదో తప్పు చేశారని కాదు. కొత్త నాటకం రిహార్సల్స్ మొదలై ఉండవచ్చు, ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోవచ్చు, ఫోన్ చూడటమే తగ్గించి ఉండవచ్చు. కారణం తెలుసుకోవడం మీ హక్కు కాదు, అంతే.

మెసేజ్‌ల విషయంలో కొన్ని పనికొచ్చే సంగతులు చెప్తాను, ఎందుకంటే "గౌరవంగా ఉండండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మీరు స్టోరీలో ఆవిడని మెన్షన్ చేసిన ప్రతిసారీ అది ఆవిడ ఇన్‌బాక్స్‌లోకి మెసేజ్‌గా వెళ్తుంది. హాలు బయట బోర్డు, టికెట్టు, సీటు, ఇంటర్వెల్, చివరి చప్పట్లు అని ఒక్క సాయంత్రం ఆరు స్టోరీలు పెట్టి ఆరింటిలోనూ ట్యాగ్ చేస్తే ఆరు మెసేజ్‌లు పంపినట్టే. అన్నీ పెట్టుకోండి, సంతోషమే, ట్యాగ్ మాత్రం ఒక్కదానికి చాలు. ప్రదర్శనకు ముందు "ఈరోజు నేను వస్తున్నాను, ఎడమవైపు రెండో వరుస, చూడండి" అని రాయకండి. చాలామంది నటులకు ముందు వరుసలో ఎవరున్నారో తెలిస్తే ఏకాగ్రత చెడుతుంది. ఏమైనా చెప్పాలనుంటే తర్వాత చెప్పండి.

మంచి మెసేజ్ ఎలా ఉంటుందో నటులే నాకు చెప్పారు, అందరూ దాదాపు ఒకే మాట అన్నారు. పొట్టిగా ఉండాలి, పని గురించి ఉండాలి, జవాబు అడగకూడదు. "రెండో అంకంలో ఉత్తరం చదివి మడిచేటప్పుడు మీరు ఏమీ మాట్లాడకుండా ఆగారు చూడండి, అక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది, ధన్యవాదాలు" అని రాస్తే ఆ నటి దాన్ని దాచుకుంటారు. నిజంగా దాచుకుంటారు, స్క్రీన్‌షాట్ తీసి మేకప్ అద్దానికి అంటించుకున్నవాళ్లను చూశాను. "మీరు సూపర్, మీరు లేకపోతే నేను లేను, ఒక్కసారి రిప్లై ఇవ్వండి" అనేది ప్రేమతో రాసినదే కావచ్చు, కానీ చదివేవాళ్ల భుజం మీద బరువు పెడుతుంది. ఇక "మెసేజ్ చూశారా?", "ఆన్‌లైన్‌లో ఉన్నారు కదా?", "వాళ్లకి రిప్లై ఇచ్చారు, నాకెందుకు ఇవ్వలేదు?" అనే మూడూ ఎప్పటికీ వద్దు. మీ మనసు బాగాలేనప్పుడు, చచ్చిపోవాలనిపించేంత కష్టంలో ఉన్నప్పుడు కూడా నటికి కాకుండా దగ్గరివాళ్లకో, హెల్ప్‌లైన్‌కో చెప్పండి. అలాంటి మెసేజ్ అర్ధరాత్రి చూసి, ఏం చేయాలో తెలియక, పంపిన మనిషి ఎక్కడున్నాడో తెలియక నిద్రపోలేని నటుల్ని చూశాను. వాళ్లకి ఆ శిక్షణ లేదు, మీకు అందాల్సిన సాయం వాళ్ల దగ్గర లేదు.

విమర్శ సంగతికి వద్దాం. నచ్చకపోతే నచ్చలేదని రాసే హక్కు టికెట్టు కొన్న ప్రతివాళ్లకీ ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు, నటులూ కాదనరు. మీ పేజీలో, మీ స్నేహితుల మధ్య ఎంత ఘాటుగానైనా రాయండి. కానీ ఆవిడని ట్యాగ్ చేయకండి. నాటకం నడుస్తున్నన్నాళ్లూ తన గురించిన సమీక్షలు చదవని నటులు చాలామంది ఉంటారు, మంచివి కూడా చదవరు, ఎందుకంటే "ఆ చూపు అద్భుతం" అని ఎవరో రాస్తే మర్నాడు ఆ చూపు దగ్గరే తడబడతారు. ట్యాగ్ చేయడం అంటే చదవకూడదు అనుకున్న మనిషి చేతిలో కాగితం పెట్టి చదివించడమే. సినిమాకి ఒకసారి చేసిన నటన అయిపోయింది, మీ విమర్శ దాన్ని మార్చదు. స్టేజీ నటి రేపు మళ్లీ అదే సీన్ చేయాలి, మీరు రాసిన వాక్యం తలలో తిరుగుతుండగా చేయాలి. ఆ సీన్ అలా చేయమని చెప్పింది దర్శకుడు కూడా కావచ్చు.

శరీరం గురించి మాత్రం విమర్శ పేరుతో కూడా రాయకండి. లావు, రంగు, వయసు, "ఆ పాత్రకి ఈ ముఖమా" లాంటివి. 2024లో లండన్‌లో రోమియో అండ్ జూలియట్ నాటకంలో టామ్ హాలండ్ సరసన జూలియట్‌గా ఫ్రాన్సెస్కా అమెవుడా-రివర్స్‌ని ప్రకటించగానే, ఇంకా ఒక్క ప్రదర్శన కూడా జరగకముందే, ఆమె నల్లజాతి మహిళ అన్న కారణంతో ఆన్‌లైన్‌లో దారుణంగా తిట్టారు. నాటక సంస్థ ప్రకటన విడుదల చేసి ఈ వేధింపులు ఆపాలని చెప్పాల్సి వచ్చింది, 800 మందికి పైగా నల్లజాతి నటులు, ఎక్కువగా మహిళలు, ఆమెకు మద్దతుగా బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. ఆమె నటన ఎలా ఉందో ఎవరూ చూడలేదు అప్పటికి. తిట్టినవాళ్లలో చాలామంది ఎప్పటికీ ఆ హాల్లో అడుగుపెట్టనివాళ్లే అయి ఉంటారు, అయినా ఆ మాటలు చేరింది మాత్రం రోజూ రిహార్సల్‌కి వెళ్లాల్సిన ఒక మనిషికి.

ఇలాంటప్పుడు మంచి అభిమానులు చేసే ఒక పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. ఎవడో ఏదో నీచంగా రాస్తాడు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, నటిని ట్యాగ్ చేసి, "చూడండి ఎలా మాట్లాడుతున్నారో, మేం మీ వెంట ఉన్నాం" అని పెడతారు. ఆ నీచమైన మాట అసలు రాసినచోట పదిమంది చూసేవారు. ఇప్పుడు ఆవిడే చూశారు, మీ ద్వారా చూశారు. తిట్టిన వాడు చేయలేని పని మీరు చేసిపెట్టారు. అలాంటి పోస్టు కనబడితే రిపోర్ట్ చేయండి, అది బెదిరింపు అయితే నాటక సంస్థ అకౌంట్‌కి లింకు పంపండి, అక్కడ చూసుకునేవాళ్లు ఉంటారు. వాదనకి దిగకండి, ప్రతి జవాబూ ఆ పోస్టును ఇంకొంతమందికి చూపిస్తుంది. మద్దతు చెప్పాలనుంటే తిట్టు ప్రస్తావన లేకుండా ఆవిడ పని గురించి ఒక మంచి మాట రాయండి.

ఇప్పుడు బదులు నటి విషయం, మీ వీడియో ప్రశ్న కూడా ఇందులోనే వస్తుంది. ఆవిడ రానిరోజు మీ గ్రూపువాళ్లు "డబ్బులు దండగ", "ఆవిడ ఎందుకు రాలేదు, మళ్లీ ఎప్పుడొస్తారు" అన్న కామెంట్లు నాటక సంస్థ పేజీలో పెట్టారని మీరే రాశారు. ఒక నటి ప్రదర్శనకి రాలేదంటే కారణం గొంతు పోవడం కావచ్చు, గర్భం పోవడం కావచ్చు, తండ్రి చనిపోవడం కావచ్చు, ముందే తీసుకున్న సెలవు కావచ్చు. ఏదైనా సరే, "ఎందుకు" అని అడగకండి. అడగకపోవడం చాలా చిన్న పని, కానీ నటులు అభిమానుల నుంచి కోరుకునేవాటిలో అది మొదటిది అని నేను ఖచ్చితంగా చెప్పగలను.

ఇక ఆవిడ బదులు వేసిన నటి. అండర్‌స్టడీ అంటే ఎక్కువగా అదే నాటకంలో చిన్న వేషం వేస్తూ ఒక పెద్ద పాత్రను కూడా నేర్చుకుని సిద్ధంగా ఉండే నటి. స్వింగ్ అంటే చాలా పాత్రలు నేర్చుకుని, ఎవరు రాకపోతే వాళ్ల స్థానంలోకి వెళ్లే నటి. 2021 డిసెంబరులో బ్రాడ్‌వేలో ఒక సంగీత నాటకంలో ప్రధాన నటి అనారోగ్యంతో రాలేకపోతే క్యాథీ వోయ్ట్కో అనే స్వింగ్ ఆ పాత్ర వేశారు. చివర్లో ఆ నాటకంలో హీరోగా వేస్తున్న హ్యూ జాక్‌మన్ ప్రేక్షకుల ముందు ఆమెను పరిచయం చేస్తూ, ఆరోజు థియేటర్‌కి వచ్చేసరికి ఎనిమిది పాత్రల్లో దేనికైనా సిద్ధంగా ఉండాల్సిన మనిషి అని చెప్పి, స్వింగ్‌లే బ్రాడ్‌వేకి పునాది అన్నారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. మీ గ్రూపువాళ్లకి అది గుర్తుచేయండి. కొన్ని గంటల ముందు కబురు అందుకుని, ఒక్కసారి కూడా పూర్తి దుస్తుల్లో రిహార్సల్ లేకుండా స్టేజీ ఎక్కిన నటిని ఫోన్‌లో రికార్డు చేసి, రెండు నిమిషాల ముక్క కోసి, "అసలావిడ ఎక్కడ, ఈవిడ ఎక్కడ" అని పక్కపక్కన పెట్టడం క్రూరత్వం. మీరు అభిమానించే నటి కూడా దాన్ని చూసి సంతోషించరు. వాళ్లిద్దరూ ఒకే మేకప్ గదిలో కూర్చునేవాళ్లు.

పోలిక లేకుండా మెచ్చుకుంటూ పెడతామన్నా ప్రదర్శన నడుస్తుండగా తీసిన వీడియో వద్దే వద్దు. ఒకటి, నాటకం హక్కులు రచయితవి, నిర్మాతవి, సంగీతం చేసినవాళ్లవి, నటి "పర్వాలేదు" అన్నా అది ఆవిడ ఇవ్వగలిగిన అనుమతి కాదు. రెండు, మీరు ఆవిడని ట్యాగ్ చేస్తే ఆవిడ ఇరుకున పడతారు, లైక్ కొడితే సంస్థకు కోపం, పట్టించుకోకపోతే మీకు బాధ. మూడు, చీకటి హాల్లో ఫోన్ వెలుగు స్టేజీ మీదికి స్పష్టంగా కనబడుతుంది. 2015 ఆగస్టులో లండన్‌లోని బార్బికన్ థియేటర్‌లో హామ్లెట్ వేస్తున్నప్పుడు బ్రిటిష్ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ ప్రదర్శన అయ్యాక బయట నిలబడ్డ అభిమానుల దగ్గరికి వచ్చి, ప్రేక్షకుల్లో రికార్డింగ్ లైటు కనబడుతోందని, దాన్ని చూస్తూ నటించడం ఎంత కష్టమో చెప్పి, దయచేసి ఆపమన్నారు. తనకు సోషల్ మీడియా లేదని, ఈ మాట మీరే అందరికీ చేర్చమని ఆ అభిమానులనే అడిగారు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది, అభిమానుల్ని తిట్టలేదు, సాయం అడిగారు.

ఇంకా ఘోరం 2022లో జరిగింది. న్యూయార్క్‌లో ఒక నాటకంలో కథకి అవసరమై నగ్నంగా నటించే సన్నివేశం ఉంది, అందుకే ప్రేక్షకుల ఫోన్లను తాళం పడే సంచుల్లో పెట్టించేవారు. అయినా ఎవరో రహస్యంగా తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీ తీవ్రంగా ఖండించింది, నాటక సంస్థ భద్రత పెంచింది. ఆ నటుడి పేరు నేను ఇక్కడ రాయను, ఎవరో ఒకరు మళ్లీ వెతుకుతారని. ఆ సన్నివేశం చేయడానికి నటుడు ఆ హాల్లో ఉన్నవాళ్లను నమ్మాడు, వాళ్లలో ఒకరు ఆ నమ్మకాన్ని ఫోన్‌లో పెట్టుకుని బయటికి తీసుకెళ్లారు. చివరి చప్పట్లప్పుడు ఫోటోలు తీసుకోవచ్చని కొన్ని బృందాలు ముందే ప్రకటిస్తాయి, అలా చెబితే హాయిగా తీసుకోండి. చెప్పకపోతే ఫోన్ సంచిలోనే ఉంచండి.

వ్యక్తిగత జీవితం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మీకు తెలుసు. కాకపోతే ఒకటి రెండు విషయాలు అభిమానులు తప్పు అనుకోరు. స్టేజీ మీద ప్రేమికులుగా వేసిన ఇద్దర్ని నిజంగా జంట చేసి ఎడిట్లు, అంటే ముక్కలు కలిపిన వీడియోలు, తయారు చేసి, ఇద్దరినీ ట్యాగ్ చేయడం. వాళ్లలో ఒకరి భార్య కూడా ఆ ఎడిట్ చూస్తుంది, మర్నాడు ఆ ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకునే సన్నివేశం చేయాలి, అది వాళ్లకు ఎంత ఇబ్బందిగా మారుతుందో ఊహించండి. రెండోది, తాళం వేసుకున్న సొంత అకౌంట్‌కి రిక్వెస్ట్ పెట్టడం, ఆవిడ అక్క పేజీలోంచి పాత పెళ్లి ఫోటోలు తీసి "అరుదైన ఫోటో" అని పెట్టడం. ఎక్కడో బహిరంగంగా ఉన్నంత మాత్రాన అది మీరు పంచడానికి పెట్టింది కాదు. ఆవిడ ఫలానా కాఫీ షాపులో ఇప్పుడే కనబడ్డారు అని అప్పటికప్పుడు పోస్టు చేయడం కూడా అలాంటిదే, అది ప్రమాదం కూడా. నాటకంలో పిల్లలు వేస్తుంటే వాళ్లకు నేరుగా మెసేజ్ అసలు పెట్టకూడదు, ఎంత ముద్దుగా అనిపించినా. ఇందులో మినహాయింపు లేదు.

హాలు బయట తలుపు దగ్గర కలవడం గురించి అడగలేదు గాని ఆన్‌లైన్‌కీ దానికీ సంబంధం ఉంది. ఆవిడ బయటికి వచ్చి మాట్లాడటం టికెట్టులో భాగం కాదు. కొన్ని రోజులు వస్తారు, కొన్ని రోజులు వేరే తలుపులోంచి వెళ్లిపోతారు. "గంట సేపు నిలబడ్డాం, చూడకుండా వెళ్లారు" అని పోస్టు పెట్టకండి. కలిస్తే "నేనే ఆ పేజీ నడిపేది" అని చెప్పడం తప్పు కాదు, ఒకసారి చెప్పండి చాలు, మెసేజ్‌లకు ఎందుకు జవాబివ్వలేదని మాత్రం అక్కడ అడగకండి. ఆవిడ వెనక గోడ ఉంది, ముందు మీరున్నారు, తప్పించుకునే దారి లేదు ఆ క్షణంలో. బహుమతులు ఇవ్వాలనుంటే థియేటర్ ఆఫీసులో ఇవ్వండి, ఇంటి అడ్రసు అడగకండి.

గౌరవం అంటే నోరు మూసుకోవడం అని మాత్రం అనుకోకండి. నటి బహిరంగంగా ఒక అభిప్రాయం చెబితే మీరు ఒప్పుకోకపోవచ్చు, ఆ పోస్టు కిందే మర్యాదగా చెప్పవచ్చు. అలాగే ఏ నటుడైనా అభిమానిని డబ్బు అడిగినా, ఫోటోలు పంపమన్నా, మైనర్ అభిమానితో ఒంటరిగా చాటింగ్ నడిపినా, "ఆయన పరువు పోతుంది" అని దాచకండి. స్క్రీన్‌షాట్లు భద్రంగా పెట్టుకుని నాటక సంస్థకో, అవసరమైతే పోలీసులకో చెప్పండి. అభిమానుల పేజీలు నడిపే మీలాంటివాళ్ల దగ్గరికే చిన్నపిల్లలు ముందుగా వచ్చి చెప్తారు, అప్పుడు వాళ్ల మాట నమ్మండి.

ఇప్పుడు మీ క్షమాపణ విషయం. మీరు నిజంగా వ్యక్తిగత విషయాలు అడిగి ఉంటే, ఆవిడ ఆ స్టోరీతో చెప్పాల్సింది చెప్పేశారు, మీరు మానేస్తే అదే జవాబు. అడిగి ఉండకపోతే ఆ స్టోరీ మీకు సంబంధించింది కాదు. రెండు విధాలా పెద్ద క్షమాపణ రాస్తే జరిగేది ఒకటే, ఆవిడ ఇప్పుడు మిమ్మల్ని ఓదార్చాలి. "అయ్యో మీ గురించి కాదండి" అని రాయాలి, రాయకపోతే మీరు ఇంకా బాధపడతారేమో అని ఆలోచించాలి. ఒకవేళ ఆవిడ మిమ్మల్ని రిస్ట్రిక్ట్ చేసి ఉంటే మీకు తెలియదు కూడా, మీ కామెంట్ మీకే కనబడుతుంది, మెసేజ్ రిక్వెస్టుల్లోకి పోతుంది. బ్లాక్ చేస్తే ఇంకో అకౌంట్‌తో వెళ్లి అడగడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి, అక్కడితో అభిమానం అయిపోయి వేధింపు మొదలవుతుంది.

కొన్నాళ్లు మెసేజ్‌లు ఆపి ఆ ఉత్సాహాన్ని పేజీలో పెట్టండి. నాటక సంస్థ పెట్టే తేదీలు, టికెట్ల లింకులు పంచండి, అధికారికంగా విడుదల చేసిన ఫోటోలు వాడి ఫోటోగ్రాఫర్ పేరు రాయండి. ఆవిడ గురించి రాసే ప్రతి పోస్టులో ఇంకొకరి పేరు కూడా రాసే అలవాటు చేసుకోండి, స్టేజీ లైటింగ్ చేసినవాళ్లు, దుస్తులు కుట్టినవాళ్లు, స్టేజ్ మేనేజర్, ఆరోజు బదులు వేసిన నటి. నాటకం బృందాలకి ఇలాంటి పేజీ ఎంత ఉపయోగమో చెప్పలేను. ఖాళీ సీట్లు నిండేది ఇలాంటి పోస్టుల వల్లే, నటికి మీరు ఇవ్వగలిగిన అతి పెద్ద కానుక కూడా నిండిన హాలే.

చివరిగా మీ పేజీ పేరు చూశాను. ఆవిడ పేరు పక్కన "అఫీషియల్" అని ఉంది. అది ఈరోజే తీసేయండి, అభిమానులు నడిపే పేజీ అని బయోలో స్పష్టంగా రాయండి. ఆవిడే అనుకుని మీ ఇన్‌బాక్స్‌కి వచ్చిన మెసేజ్‌లు ఏవైనా ఉంటే, పంపినవాళ్లకి ఇది ఆవిడ అకౌంట్ కాదని చెప్పి తుడిచేయండి. వీడియో తీసిన మీ స్నేహితుడికి ఫోన్ చేసి విడిగా మాట్లాడండి, గ్రూపులో అందరి ముందూ వద్దు.